రీడ్ కుటుంబం పెంచింది హైబ్రిడ్ కాదు

సంపాదకుల వారికి,

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రానికి వలస వెళ్లిన రాబర్ట్ రీడ్ అనే రైతు, మొలక రాని చోట వేరే రకం గింజలు వేయడంతో తొలి హైబ్రిడ్ మొక్కజొన్న పుట్టిందని మీ వ్యవసాయ పేజీలో రాశారు. మన రైతులు కూడా ఇంట్లో ఉన్న రెండు మూడు రకాలు కలిపి వేసుకుంటే విత్తనం ఖర్చు తప్పుతుందని చివర్లో సలహా ఇచ్చారు. మొదటి మాటలో సగమే నిజం ఉంది. రెండో మాట వింటే చీపురుపల్లి, గరివిడి, రణస్థలం, లావేరు మండలాల్లో మొక్కజొన్న వేసే రైతు నిండా మునుగుతాడు. రీడ్ కుటుంబం చరిత్రలో మనకు పనికొచ్చేది కాకతాళీయంగా జరిగిన ఆ కలయిక కాదు. దాని తర్వాత నలభై ఏళ్లకు పైగా ఆ ఇంట్లో జరిగిన విత్తనం ఎంపిక, ఆ ఎంపిక ఎక్కడ ఆగిపోయిందన్న సంగతి మనకు కావాలి. వ్యాసంలో అవి రెండూ లేవు.

రీడ్ కుటుంబం 1846లో ఒహాయో రాష్ట్రం బ్రౌన్ కౌంటీ నుంచి బయల్దేరి, ఇల్లినాయ్‌లో టేజ్‌వెల్ కౌంటీలోని డెలవాన్ ఊరి దగ్గర దిగింది. కొడుకు జేమ్స్ రీడ్ 1844లో పుట్టాడు కాబట్టి అప్పటికి రెండేళ్ల పసివాడు. కొత్త చోట వేయడానికి గోర్డన్ హాప్‌కిన్స్ అనే మొక్కజొన్న విత్తనాన్ని వెంట తెచ్చుకున్నారు. గింజ ఎర్ర ఛాయ, పంట కాలం ఎక్కువ. వీళ్లు వెళ్లిన నేల ఎవరిదీ కాని బంజరు అన్నట్టు వ్యాసంలో ఉంది. మధ్య ఇల్లినాయ్ కికపూ తెగ వాళ్ల నేల. 1819లో జరిగిన ఒప్పందంతో వాళ్లు దాన్ని వదులుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాతే వలస రైతులు వచ్చారు. కథలో ముందు ముందు వచ్చే చిన్న పసుపు మొక్కజొన్న కూడా మూలంలో అలాంటి ఆదివాసీ తెగల రైతులు ఉత్తరాది చలికి తట్టుకునేలా తరతరాలుగా పెంచుకున్న గట్టి గింజ జాతిదే. ఆ పేర్లు ఎక్కడా కనబడవు గానీ సగం విత్తనం వాళ్లదే.

అక్కడి ప్రెయిరీ (గడ్డి మైదానం) నేల మన నల్లరేగడిలా బంకగా ఉంటుంది. పైగా గడ్డి వేళ్లు చాపలా అల్లుకుని ఉంటాయి. తూర్పు రాష్ట్రాల నుంచి తెచ్చిన ఇనుప నాగళ్లకు మట్టి అంటుకుపోయి, పది అడుగులకోసారి ఆగి గీకాల్సి వచ్చేది. అదే రాష్ట్రంలోని గ్రాండ్ డిటూర్‌లో జాన్ డీర్ 1837లో నున్నటి ఉక్కుతో చేసిన నాగలికి మట్టి అంటకుండా జారిపోయేది. రీడ్ కుటుంబం వచ్చేనాటికి ఆ నాగలికి తొమ్మిదేళ్లు. అయినా కొత్త నేల విరగ్గొట్టడానికి నాలుగైదు జతల ఎడ్లు కట్టాల్సిందే. ఇవన్నీ అయ్యేసరికి ఆ ఏడు విత్తడం ఆలస్యమైంది. గింజ పూర్తిగా ముదరకముందే చలి వచ్చింది.

కథకు అసలు మూలం ఇక్కడ ఉంది. మొక్కజొన్న గింజ బెండుకు అతుక్కునే మొన దగ్గర నల్లటి పొర ఏర్పడితేనే గింజలోకి పాలు చేరడం ఆగి, మొలక పూర్తిగా తయారైనట్టు. ఆ సమయంలో కూడా గింజలో 30 నుంచి 35 శాతం తేమ ఉంటుంది. అంతకుముందే చలికి గానీ నీటి ముంపుకు గానీ గురైతే గింజ చూడ్డానికి బాగానే ఎండుతుంది, మొలక మాత్రం దెబ్బతింటుంది. 1846లో రీడ్ ఇంట దాచిన విత్తనం అలాంటిదే. 1847 వసంతంలో వేస్తే పాదులకు పాదులు మొలవలేదు. ఖాళీ పాదుల్లో అక్కడ దొరికే లిటిల్ యెల్లో అనే తక్కువ కాలపు రకాన్ని వేశారు. ముందు వేసినది దీర్ఘకాలిక రకం, ఆలస్యంగా వేసినది స్వల్పకాలికం కావడంతో రెంటి పూత కలిసింది, పుప్పొడి అటూ ఇటూ పడింది. ఒకే కాలపు రకాలై ఉంటే వెనక వేసిన మొక్కల పీచు బయటికొచ్చేసరికి ముందు మొక్కల పుప్పొడి రాలిపోయి ఉండేది.

ఖాళీలు నింపితే అక్కడ పంట ఎందుకు వచ్చిందో, మన దగ్గర ఎందుకు రాదో కూడా చెప్పాలి. అప్పట్లో గుర్రం నడవడానికి వీలుగా, పొలాన్ని నిలువుకూ అడ్డానికీ గుంటక తోలడానికి వీలుగా పాదుకూ పాదుకూ మధ్య 40 నుంచి 42 అంగుళాలు వదిలి, ఒక్కో పాదులో మూడు నాలుగు గింజలు వేసేవారు. లెక్క కడితే ఎకరాకు 3,500 నుంచి 3,900 పాదులు, పదివేల పైచిలుకు మొక్కలు. వెనక వేసిన మొక్కకు కూడా వెలుతురు అందుతుంది. మనం వరి కోశాక దున్నకుండా వేసే మొక్కజొన్న 60 సెంటీమీటర్ల సాళ్లలో, సాలులో 20 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఎకరాకు దాదాపు 33,000 మొక్కలు. ఇందులో పది పదిహేను రోజుల తర్వాత పెట్టిన గింజ మొలిచినా పక్క మొక్కల నీడలో సన్నబడి కండె లేకుండా నిలబడుతుంది. ఎరువూ నీరూ తింటుంది, గింజ ఇవ్వదు. నింపాలంటే మొలకలు కనబడిన నాలుగైదు రోజుల్లో, అదే సంచిలోని విత్తనాన్ని రాత్రంతా నానబెట్టి పెట్టాలి. ఆ గడువు దాటితే ఖాళీని ఖాళీగా వదిలేయడమే లాభం.

ఇక జేమ్స్ రీడ్ పని. తండ్రి చేతిలో పుట్టిన ఆ కలగలుపు పంటలో ఎర్ర ఛాయ గింజలూ, పచ్చనివీ, పొడుగు కండెలూ, పొట్టివీ అన్నీ ఉండేవి. ఆయన ఏటేటా నిండు పసుపు గింజ, లోతుగా నాటుకున్న గింజ, సన్న బెండు, 18 నుంచి 24 వరుసలు, చివరి దాకా నిండిన స్తూపాకారపు కండె, చలికి ముందే ముదిరే గుణం చూసి విత్తనానికి ఏరుకుంటూ వచ్చాడు. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆ మొక్కజొన్నకు బహుమతి వచ్చింది. అంటే 1847 కలయిక నుంచి 46 ఏళ్లు. అక్కడి నుంచి రీడ్ యెల్లో డెంట్ అనే పేరుతో మధ్య పశ్చిమ రాష్ట్రాలంతటా పాకింది. జేమ్స్ 1910లో చనిపోయాడు.

ఆ ఎంపిక ఎలా సాగేదో తెలిస్తే దాని బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి. శరత్కాలంలో మొదలై మంచు పడే దాకా కండెలు ఒలిచేవారు. అరచేతికి కట్టుకున్న చిన్న కొక్కెంతో నిలబడ్డ మొక్క మీదే పొరలు చీల్చి, కండె విరిచి, పక్కనే కదిలే బండిలోకి విసిరేవారు. బండికి ఒక పక్క చిన్న పెట్టె కట్టి, నచ్చిన కండెను అందులో వేసేవారు, అదే వచ్చే ఏటి విత్తనం. పంటలోని ప్రతి కండె మనిషి చేతిమీదుగా పోయేది కాబట్టి ఎంపికకు అంత అవకాశం ఉండేది. ఆ విత్తనాన్ని అటక మీద వేలాడదీసి ఎండబెట్టేవారు. మన్యం కొండల్లో పొర వెనక్కి తీసి జడ అల్లి పొయ్యి మీద కట్టే కండెలది కూడా అదే తెలివి. వెచ్చదనానికి తేమ పోతుంది, పొగకు ముక్క పురుగు దగ్గరికి రాదు.

బలహీనత ఏమిటంటే, కండె అందాన్నే చూశారు, మొక్క ఎక్కడ నిలబడిందో చూడలేదు. ఈ తప్పు రీడ్ ఒక్కడిది కాదు. ఆయన కండె నమూనా అయిపోయాక కౌంటీ కౌంటీకీ మొక్కజొన్న పోటీలు పెట్టారు, మార్కుల పట్టికలు అచ్చేశారు, చివర గింజ నిండలేదని మార్కులు కోశారు. అయోవా వ్యవసాయ కళాశాలలో ప్రొఫెసర్ హోల్డెన్ ఈ పోటీలకు పెద్ద న్యాయనిర్ణేత. 1904లో హెన్రీ వాలెస్ అనే కుర్రాడు, అప్పటికి పదహారేళ్లు కూడా ఉంటాయో లేదో, హోల్డెన్ మెచ్చిన కండెల గింజలనూ మెచ్చనివాటి గింజలనూ పక్కపక్కనే వేర్వేరు వరుసల్లో వేసి తూచాడు. కండె అందానికీ దిగుబడికీ సంబంధం లేదని తేలింది. ఆ కుర్రాడే 1926లో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తన కంపెనీ పెట్టాడు, తర్వాత ఆ దేశానికి ఉపాధ్యక్షుడూ అయ్యాడు. మన దగ్గర కిసాన్ మేళాల్లో అతిపెద్ద కండెకు బహుమతి ఇచ్చే నిర్వాహకులు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది. గట్టు పక్క, పెంటకుప్ప దగ్గర, రెండు వైపులా ఖాళీ ఉన్న మొక్కకు పెద్ద కండె వస్తుంది. అది చోటు బలం, గింజ బలం కాదు.

అంకెలు చూస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అమెరికాలో మొక్కజొన్న సగటు దిగుబడి 1860ల నుంచి 1930ల దాకా ఎకరాకు 26 బుషెళ్ల చుట్టూనే తిరిగింది. బుషెల్ అంటే 25.4 కిలోలు. ఎకరాకు ఆరున్నర క్వింటాళ్లు. ఇన్ని పోటీలు, ఇంత ఎంపిక జరిగిన డెబ్బై ఏళ్లలో సగటు కదల్లేదు. ఇప్పుడు అక్కడ 170 బుషెళ్లు దాటుతోంది. ఇందులో నత్రజని ఎరువు, మొక్కల సాంద్రత, కలుపు మందుల వాటా పెద్దదే అయినా, వాటన్నిటినీ తట్టుకుని నిలబడే మొక్క హైబ్రిడ్‌తోనే వచ్చింది.

హైబ్రిడ్ అంటే రెండు రకాలను ఒకే పొలంలో పక్కపక్కన వేయడం కాదు. ముందు ఒక మొక్క పుప్పొడిని అదే మొక్క పీచు మీద వేస్తూ ఆరేడు తరాలు పోవాలి. మొక్కలు గిడసబారి, కండె చిన్నబోయి, అన్నీ ఒకేలా ఉండే శుద్ధ వంశం తయారవుతుంది. అలాంటి రెండు వేర్వేరు వంశాలను కలిపితే మొదటి తరంలో ఉన్నట్టుండి బలం వస్తుంది. వంశాల మొక్కలు మరీ బలహీనం కాబట్టి వాటి మీద వచ్చే విత్తనం తక్కువ, ధర ఎక్కువ. డొనాల్డ్ జోన్స్ 1917-18 ప్రాంతంలో నాలుగు వంశాలను రెండు అంచెల్లో కలిపే పద్ధతి తెచ్చాకే రైతు కొనగలిగే ధరకు విత్తనం వచ్చింది. ఆ పైన వేగం చూడండి. అయోవాలో 1935లో హైబ్రిడ్ వేసిన నేల పదో వంతు కూడా లేదు, నాలుగేళ్లలో అది 90 శాతం దాటింది.

మరి రీడ్ కుటుంబం శ్రమ వృథా పోయిందా? పోలేదు. ఆ శుద్ధ వంశాలు తీయడానికి కావలసిన మంచి సరుకు వాళ్ల పొలం నుంచే వచ్చింది. 1930ల్లో జార్జ్ స్ప్రేగ్ అయోవాలో గట్టి కాండం ఉన్న 16 వంశాలను కలిపి ఒక మిశ్రమ జాతి తయారు చేశాడు. వాటిలో చాలా వాటి రక్తం రీడ్‌దే. ఆ మిశ్రమం నుంచి 1972లో విడుదలైన బి-73 వంశం ప్రపంచంలో ఎన్ని హైబ్రిడ్లకు తల్లి అయిందో లెక్క తీయడం కష్టం. 2009లో శాస్త్రజ్ఞులు మొక్కజొన్న జన్యుపటం ప్రచురించినప్పుడు ఎంచుకున్నది కూడా దీన్నే. దీనికి జోడీగా బాగా వాడుకలోకి వచ్చిన ఎం.ఒ-17 వంశంలో పెన్సిల్వేనియా రైతు ఐజాక్ హెర్షీ పెంచిన లాంకాస్టర్ ష్యూర్ క్రాప్ రక్తం ఉంది. ఒక రైతు ఇంటి విత్తనానికి ఇంకో రైతు ఇంటి విత్తనం జోడీ కుదిరిందన్న మాట. మన దేశంలో 1957లో అఖిల భారత సమన్వయ మొక్కజొన్న పథకం మొదలై, 1961లో గంగ, రంజిత్, దక్కన్ హైబ్రిడ్లు వచ్చాయి. 1967లో విజయ్, కిసాన్, అంబర్ లాంటి కాంపోజిట్ రకాలు, అంటే పలు మంచి మూలాలను కలిపి, వాటిలో అవే పుప్పొడి మార్చుకునేలా వదిలిన రకాలు వచ్చాయి. పెంచే తీరులో రీడ్ మొక్కజొన్నను పోలినవి మన దగ్గర హైబ్రిడ్లు కాదు, ఈ కాంపోజిట్లే.

వ్యాసం చివర ఇచ్చిన సలహా తప్పని అంటున్నది ఇందుకే. హైబ్రిడ్ పంట నుంచి దాచిన గింజ వేస్తే, మొదటి తరంలో అదనంగా వచ్చిన బలంలో సగం రెండో తరంలోనే పోతుంది. మొక్కలు ఎత్తుపల్లాలుగా పెరుగుతాయి, పూత ఒకేసారి రాదు, ఎకరాకు 33,000 మొక్కల ఒత్తిడిలో వెనకబడినవి గొడ్డుపోతాయి. రెండు కంపెనీల హైబ్రిడ్ పంటల నుంచి దాచిన గింజలు కలిపి వేసినా ఇదే జరుగుతుంది. విత్తనం మీద మిగిలిన డబ్బు కంటే పంటలో పోయేదే ఎక్కువ. హైబ్రిడ్ వేసే రైతు ఏటా కొత్త విత్తనం కొనాల్సిందే. బిల్లు, సంచి మీద లాట్ నంబరు ఉన్న చీటీ, పిడికెడు విత్తనం పంట చేతికొచ్చే దాకా దాచుకోవాలి. మొలక రాకపోతే ఫిర్యాదుకు అవే ఆధారం.

రీడ్ పద్ధతి పనికొచ్చేది కాంపోజిట్ మొక్కజొన్నకు, కొండ మీద తిండికి వేసుకునే నాటు మొక్కజొన్నకు, గంటెకు (సజ్జకు). ఈ పంటల్లో ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్కకు చేరుతుంది కాబట్టి జాగ్రత్తలు ఉన్నాయి. వాటిని చేసేవాళ్లు జేమ్స్ రీడ్ కంటే ఒక అడుగు ముందుకు వేసి చేయవచ్చు, ఎందుకంటే ఆయనకు తెలియనిది తర్వాత తేలింది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో గార్డ్‌నర్ అనే శాస్త్రజ్ఞుడు పొలాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలోనూ అక్కడి మొక్కలను మాత్రమే ఒకదానితో ఒకటి పోల్చి మంచివి ఏరాడు. సారం ఉన్న మూలా, సారం లేని మూలా విడివిడిగా తూగడంతో చోటు బలం లెక్కలోంచి తప్పుకుంది. 1961లో ప్రచురించిన ఆ ఫలితాల్లో తరానికి 4 శాతం దాకా దిగుబడి పెరిగింది. ఎంపిక వల్ల దిగుబడి పెరగదని డెబ్బై ఏళ్ల అంకెలు చూసి అనుకున్నవాళ్లకు, తప్పు ఎంపికలో కాదు, ఎంచే తీరులో ఉందని తెలిసింది.

దాన్ని మన ఎకరాకు కుదించుకుంటే ఇలా ఉంటుంది. పక్క పొలం మొక్కజొన్నకు కనీసం 200 మీటర్ల ఎడం కావాలి. లావేరు, రణస్థలం వైపు రబీలో అంత ఎడం దొరకదు, అలాంటి చోట పూత నాలుగు వారాలైనా తేడా వచ్చేలా విత్తుకోవాలి. మగ పూత విచ్చకముందే జాతి లక్షణం లేని మొక్కలు, తెగులు మొక్కలు పీకేయాలి. పూత విచ్చాక పీకితే ప్రయోజనం లేదు, పుప్పొడి పోయాల్సిన చోట పోసేసి ఉంటుంది. ఎకరాన్ని 10 మీటర్లకు 10 మీటర్ల చొప్పున 40 గళ్లు చేయాలి. గట్టు వెంట రెండు సాళ్లు వదిలేయాలి. ప్రతి గడిలోనూ నాలుగు వైపులా మొక్కలున్న వాటిలోనే, పడిపోకుండా నిలబడి, కత్తెర పురుగునూ కాండం కుళ్లునూ తట్టుకుని, నిండు కండె ఉన్న ఐదు మొక్కలకు దారం కట్టాలి. ఒక గడిలో పది మంచివి కనబడ్డా ఐదే, ఇంకో గడిలో అన్నీ నాసిగా ఉన్నా ఐదే. 200 కండెలు అవుతాయి. కండెకు 100 గ్రాముల చొప్పున సమానంగా తీసి కలిపితే 20 కిలోలు, ఎకరాకు 8 కిలోల లెక్కన రెండున్నర ఎకరాలకు సరిపోతుంది. ముచ్చటపడి పది పదిహేను కండెల నుంచే విత్తనం తీస్తే మూడు నాలుగేళ్లలో మొక్కలు గిడసబారతాయి. దగ్గరి రక్తం కలవడం వల్ల వచ్చే నష్టం అది.

గింజ మొన గిల్లి నల్ల పొర చూశాకే కోయాలి. కండె అడుగూ కొసా గింజలు తీసేసి, నడుమ గింజలే ఉంచాలి. కొస గింజలు మొలవవని కాదు, సైజు తేడా వల్ల లోతు సరిగా పడక మొలకలు ఎగుడుదిగుడుగా వస్తాయి. నీడపట్టున మొదలుపెట్టి 12 శాతం తేమకు ఆరబెట్టాలి. పచ్చి కండెను ఒక్కసారిగా మండుటెండలో సిమెంటు కళ్లం మీద పరిస్తే మొలక మాడుతుంది.

చోడికి (రాగికి) ఇంత శ్రమ లేదు. దాని పుప్పొడి దాని కంకికే పడుతుంది కాబట్టి మూడు మీటర్ల ఎడం చాలు. విజయనగరం పరిశోధన స్థానం ఇచ్చిన శ్రీ చైతన్య, భారతి, హిమ లాంటి రకాల్లో ఒకే పోలిక ఉన్న కంకులు ఏరి దాచుకుంటే ఏళ్ల తరబడి జాతి చెడదు. చోడి విత్తనం ఏటా కొనే రైతు అనవసరంగా డబ్బు పోగొట్టుకుంటున్నట్టే.

1846లో రీడ్ పొలంలో జరిగింది మన జిల్లాల్లో తుపాను ఏడాదుల్లో జరుగుతూనే ఉంటుంది. హుద్‌హుద్, తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. ఖరీఫ్ పంట గింజ ముదిరే వేళ అది. నేలకొరిగిన పైరు నుంచి, నీళ్లలో నానిన కండె నుంచి, పాలు పూర్తిగా పట్టని కంకి నుంచి విత్తనం దాచకూడదు. వరికైనా అంతే. ఇంకేం లేక దాచాల్సి వస్తే మొలక చూడకుండా వేయకూడదు. ఆ పరీక్షను అయోవాలో 1904 నుంచి రెండు మూడేళ్ల పాటు ఊరూరా రైళ్లు ఆపి మరీ రైతులకు చూపించారు. నడిపించింది పైన చెప్పిన హోల్డెనే. కండె అందం విషయంలో ఆయన లెక్క తప్పినా ఈ విషయంలో తప్పలేదు. ఒక్కో కండె నుంచి వేర్వేరు చోట్ల ఆరు గింజలు తీసి తడిగుడ్డలో పెట్టి, మొలవని కండెను పక్కన పడేయమనేవాడు. మనకు గింజలు కలిపాక 100 గింజలు చాలు. పాత నూలు తువ్వాలు తడిపి పిండి, పది వరుసల్లో పదేసి గింజలు పరిచి, వదులుగా చుట్టి, రెండు కొసలా దారం కట్టి, చెమ్మ ఆరకుండా కుండలో నిలబెట్టాలి. రోజూ కాస్త నీళ్లు చిలకరించాలి. ఐదో రోజున, ఏడో రోజున విప్పి లెక్కపెట్టాలి. వేరూ మొలకా రెండూ తిన్నగా వచ్చినవే లెక్కలోకి వస్తాయి. వేరు మాత్రమే వచ్చినవి, బూజు పట్టినవి, మెలిక తిరిగినవి రావు. 90 మొలిస్తే నిశ్చింతగా వేయవచ్చు. 80 వస్తే విత్తనం మోతాదు ఆ మేరకు పెంచాలి. 70కి తగ్గితే కోళ్లకు వేయండి. వరి కోతలు మొదలుకాకముందే, అక్టోబరు ఆఖరి వారంలో మీ వ్యవసాయ పేజీలో ఈ ఒక్క పరీక్ష బొమ్మలతో వేస్తే, రబీ విత్తనం మార్చుకోవడానికి రైతుకు ఇంకా పది పదిహేను రోజుల గడువు ఉంటుంది.

ఇట్లు,
విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారులు,
విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు